లెక్క వాళ్లది, బరువు మనది

కంపెనీలు గాలిలోకి వదిలే కర్బన ఉద్గారాల లెక్కను బయటివాళ్లు వచ్చి సరిచూడడం దండగ ఖర్చు అనే మాట ఈమధ్య పెద్దమనుషుల నోట బాగా వినిపిస్తోంది. పరిశ్రమల సంఘాల వేదికల మీద దీన్ని వ్యాపార సౌలభ్యం అంటారు. బిజినెస్ పేజీల్లో నిబంధనల భారం అంటారు. తెనాలి మిల్లుల దగ్గర, రేపల్లె రొయ్యల కాటాల దగ్గర ఇదే మాట ఇంకాస్త ముక్కుసూటిగా ఉంటుంది: "పొగ తగ్గించమంటే సరే. పొగ లెక్క రాసేవాడి మీద మళ్లీ ఇంకో లెక్కలవాడెందుకు? ఆ ఫీజులన్నీ తిరిగి తిరిగి రైతు నెత్తిన పడేవే కదా!"

ఈ వాదానికి బలమంతా ఆఖరి ముక్కలో ఉంది. రైతు పేరెత్తితే ఎదురు మాట్లాడడానికి ఎవరైనా జంకుతారు. నేను ఎదురు చెప్పదలచుకున్నది సరిగ్గా ఆ ముక్కకే. స్వతంత్ర తనిఖీ వల్ల కృష్ణా పశ్చిమ డెల్టా రైతు మీద పైసా భారం పడదు. తనిఖీ లేకపోతేనే పడుతుంది. కంపెనీ తన ఆఫీసులో కూర్చుని రాసుకున్న అంకెను సరిచూసే దిక్కు లేనప్పుడు, ఆ అంకె మెల్లగా కిందికి జారి, ఎదురు అడగలేనివాడి పేరున ఖరారవుతుంది.

ముందు జరిగిన కథ చూద్దాం. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. పర్యావరణం దగ్గర్నుంచి ఉద్యోగుల సంక్షేమం దాకా కంపెనీ తన నడవడి గురించి తానే చెప్పుకునే నివేదిక అది. 2023 జులైలో సెబీ అందులోని కీలకాంశాలను ఏరి బీఆర్‌ఎస్‌ఆర్ కోర్ అని పేరు పెట్టింది. వాటిని బయటి సంస్థ సరిచూసి పూచీ ఇవ్వాలంది. మొదట 150 కంపెనీలు, మరుసటి ఏడు 250, ఆపైన 500, 2026-27 నాటికి మొత్తం వెయ్యి. గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క ఆ జాబితాలోదే.

అప్పటి నుంచి మొదలయ్యాయి మొరలు. 2024 డిసెంబరులో సెబీ బోర్డు మెత్తబడింది. 2025 మార్చిలో సర్క్యులర్ వచ్చింది. ఆడిటర్ తరహాలో పూచీ ఇవ్వక్కర్లేదు, మూడో పక్షం చేత మదింపు చేయించుకున్నా చాలు అన్నది దాని సారం. ఆ మదింపుకు ప్రమాణాలు రాసేది ఎవరు? సెబీని సంప్రదిస్తూ పరిశ్రమల సంఘాలు కలిసి పెట్టుకున్న వేదిక. కంపెనీకి సరుకు అమ్మేవాళ్ల, కంపెనీ దగ్గర కొనేవాళ్ల ఉద్గారాల వివరాలు చెప్పడం ఏడాది వాయిదా పడింది, అదీ ఇష్టమైతేనే. భారం తగ్గిందని పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. తగ్గిన భారం ఎక్కడికి వెళ్లిందో ఎవరూ అడగలేదు.

"అసలు ఇందులో అబద్ధానికి చోటెక్కడ?" అనేది వాళ్ల మొదటి ప్రశ్న. లెక్క చూడడానికి సులువే. కరెంటు బిల్లులోని యూనిట్లను సుమారు 0.7తో గుణిస్తే ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడో తేలుతుంది. దేశం మొత్తం గ్రిడ్‌కు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే గుణకం అటూ ఇటూగా అంతే. డీజిల్ లీటరుకు దాదాపు 2.7 కిలోలు. చిన్న గుమాస్తా కూడా వేయగల లెక్క. నిజమే, గుణకారంలో మోసం లేదు. దేన్ని గుణించాలి, దేన్ని వదిలేయాలి అన్న దగ్గరే ఉంది కిటుకంతా.

ఒక కోల్డ్‌స్టోరేజీని అనుకుందాం. జనరేటరు కాంట్రాక్టరుదని, అద్దెకు తెచ్చామని అంటారు. డీజిల్ బిల్లు కాంట్రాక్టరు పేరున ఉంది కాబట్టి అది మా పొగ కాదంటారు. సరుకు తోలే లారీలు ట్రాన్స్‌పోర్టు ఆఫీసువి, అవీ మావి కావంటారు. ఇక శీతల యంత్రం. అందులో ఆర్-404ఏ రకం గ్యాస్ ఉందనుకోండి. పైపుల జాయింట్ల దగ్గర కారిపోతూ ఉంటుంది కాబట్టి మెకానిక్ ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి గ్యాస్ ఎక్కించి పోతాడు. ఏడాది మొత్తంలో 50 కిలోలు ఎక్కించాడంటే అంతకుముందు ఎక్కించిన 50 కిలోలు గాలిలో కలిసినట్టే. ఈ గ్యాస్ కిలోకి వేడిని పట్టి ఉంచే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 3,900 రెట్లు. అంటే 50 కిలోల లీకేజీ 195 టన్నులతో సమానం. డెబ్భై వేల లీటర్ల పైచిలుకు డీజిల్ తగలబెట్టినంత! అంత పెద్ద అంకె నివేదికలో ఎక్కడుంటుంది? చాలాసార్లు ఎక్కడా ఉండదు. మెకానిక్ ఇచ్చిన బిల్లు రిపేర్ల ఖాతాలో పడి ఉంటుంది.

ఇందులో ఎవరూ దొంగలెక్క రాయలేదు. వదిలేశారు, అంతే. ఇలాంటి వదిలివేతను పట్టుకునేది ఆ ప్లాంటుకు వెళ్లి, షెడ్డు వెనకాల ఖాళీ సిలిండర్లు లెక్కపెట్టి, మెకానిక్ బిల్లులు తీయించే మనిషి మాత్రమే. హైదరాబాద్‌లో కూర్చుని, కంపెనీ పంపిన ఎక్సెల్ షీట్‌లో కూడికలు సరిచూసే మనిషికి అది జన్మలో దొరకదు.

"కంపెనీలకు పరువుంటుంది, లిస్టయిన కంపెనీ ఇలాంటి వాటికి దిగదు, దిగితే మార్కెట్టే శిక్షిస్తుంది" అనేది రెండో వాదం. ఈ మాట తమిళనాడులోనో గుజరాత్‌లోనో అంటే విని ఊరుకోవచ్చు. తెలుగువాడి ముందు అనడానికి గుండె ధైర్యం కావాలి. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఏళ్ల తరబడి మార్కెట్ శిక్షించిందా? పైగా మెచ్చుకుంది, మెడలో దండ వేసింది.

అయితే సత్యం కథను ఇటువైపు కూడా తిప్పుతారు. "అక్కడ ప్రపంచ ప్రఖ్యాత ఆడిట్ సంస్థ ఉంది కదా! అయినా ఏమైంది? కాబట్టి తనిఖీలన్నీ ఒట్టివే." ఈ తర్కం పైకి గట్టిగానే కనిపిస్తుంది. కానీ ఆడిట్ ఎక్కడ విఫలమైందో చూడాలి. బ్యాంకులో నిజంగా అంత డబ్బుందా అని అడిగే ధ్రువీకరణ పత్రాలను పంపడం, తెప్పించుకోవడం ఆడిటర్లు పూర్తిగా సత్యం చేతుల్లోనే పెట్టేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో తప్పుపట్టింది. అంటే సాక్ష్యాన్ని నేరుగా సాక్షి దగ్గర తీసుకోలేదు, నిందితుడి చేతి మీదుగా తీసుకున్నారు. దీన్నిబట్టి తేలేది తనిఖీ వ్యర్థమని కాదు. తనిఖీ పేరున జరిగినది తనిఖీయే కాదని. అందుకే ఆ దెబ్బ తర్వాత 2013 కంపెనీల చట్టంలో ఆడిటర్లను మార్చి తీరాలన్న నియమం వచ్చింది, 2018లో ఆడిటర్ల మీద నిఘాకు ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ వచ్చింది. డబ్బు లెక్కల దగ్గర అంత ఖరీదు చెల్లించి నేర్చుకున్న పాఠాన్ని కర్బన లెక్కల దగ్గర మాత్రం భారమని పక్కన పెడుతున్నాం.

లెక్కను ఎవరు తీస్తున్నారన్నది ఎంత ముఖ్యమో డెల్టా రైతుకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కొనుగోలుకు ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. రైతు సేవా కేంద్రంలో 17 చూపించిన ధాన్యమే మిల్లు గేటు దాటాక 20 చూపించిందన్న గొడవ ప్రతి ఖరీఫ్‌లోనూ వింటున్నదే. మిల్లులో బస్తాకు ఇన్ని కిలోలని కోత వేస్తే, లారీ తిప్పి తీసుకుపోలేక రైతు సంతకం పెట్టి వస్తాడు. ఆ గొడవలో రైతు ఏమడుగుతున్నాడు? తేమ మీటరు వద్దని అనడం లేదు. అది మిల్లరు చేతిలో ఉండకూడదంటున్నాడు, తన కళ్ల ముందు పెట్టి చూడమంటున్నాడు. ఆ న్యాయమైన కోరికనే కంపెనీల విషయంలో అడిగితే అది వ్యాపారానికి అడ్డంకి ఎలా అవుతుంది? మిల్లు గేటు దగ్గర ఒక నీతి, ముంబయి బోర్డు రూముల్లో ఇంకో నీతా?

మూడో వాదం ఖర్చు. అసలు పట్టు దీని మీదే కాబట్టి అంకెలతోనే తేల్చుకుందాం. సెబీ నిబంధన వర్తించేది మొదటి వెయ్యి కంపెనీలకు. తెనాలి వీధి కొట్టుకూ, బాపట్ల రైసుమిల్లుకూ, నిజాంపట్నం ఐసు ఫ్యాక్టరీకీ దీనితో సంబంధమే లేదు. సరుకిచ్చేవాళ్ల లెక్క చెప్పాలన్నప్పుడు కూడా, కంపెనీ మొత్తం కొనుగోళ్లలో ఒక్కరే 2 శాతం లేదా అంతకు మించి ఉన్నవాళ్ల సంగతి మాత్రమే చెప్పమన్నారు. ఏడాదికి వెయ్యి కోట్ల సరుకు కొనే కంపెనీ అనుకుంటే, రూ.20 కోట్ల సరుకు ఒక్కడే అమ్మినవాడు ఈ పరిధిలోకి వస్తాడు. ఐదెకరాల కౌలు రైతు సంగతి చూడండి. ఎకరాకు ముప్ఫై బస్తాలు పండితే, 75 కిలోల లెక్కన 112 క్వింటాళ్ల పైచిలుకు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. మొత్తం కలిపి రెండు లక్షల అరవై ఆరు వేల పైచిలుకు. రూ.20 కోట్లెక్కడ, ఇదెక్కడ? ఈ రైతు మీద తనిఖీ భారం పడుతుందనడం నిబంధన చదవకుండా మాట్లాడడం. లేదంటే చదివి కూడా రైతును ముందు నిలబెట్టి, తాము వెనక దాక్కోవడం.

మరి రైతు మీద పడేది ఏమిటి? ఇక్కడే అసలు సంగతి ఉంది. బియ్యం కొనే కంపెనీ తన బియ్యం వెనకాల ఎంత కర్బనం ఉందో చెప్పాలనుకుంటే పొలం దాకా పోవాలి. ఈ లెక్కను స్కోప్-3 అంటారు. తనిఖీ లేకపోయినా, తనిఖీ పరిధిలోకి రాకపోయినా ఈ అంకె రాయకుండా ఆగరు. విదేశీ కొనుగోలుదారు అడుగుతాడు, బ్యాంకు అడుగుతుంది, ప్రకటనల్లో వేసుకోవాలి. అప్పుడు ఏం చేస్తారు? పుస్తకంలోని సగటు అంకె తీసుకుంటారు.

నీళ్లు నిలిచి ఉన్న వరి మడిలో మట్టికి గాలి అందక మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం ఐపీసీసీ 2019లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, మడిలో నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండే పద్ధతిలో దక్షిణాసియాకు హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్. నాట్లేసిన తర్వాత 120 రోజులనుకుంటే హెక్టారుకు 102 కిలోలు. ఎకరాకు 41 కిలోలు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో దాదాపు 1.15 టన్నులు. అదే పొలం మధ్యలో పలుమార్లు ఆరితే ఈ అంకెను 0.55తో గుణించమంటుంది ఆ పుస్తకమే. ఎకరాకు అర టన్ను తేడా. ఒక గడిలో పెట్టే టిక్కుతో!

ఇప్పుడు ఆ గడిని పట్టుకుని తెనాలి నుంచి రేపల్లె, నిజాంపట్నం దాకా కాలువ వెంట నడవండి. ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే నీళ్లు ఎగువన ఉన్న పొలాలకు ముందు అందుతాయి, అక్కడ మళ్లు నిండుగా ఉంటాయి. కిందికి వెళ్లేకొద్దీ వంతులవారీ మొదలవుతుంది. శివారు భూముల్లో నీళ్లు వచ్చిన రోజు పండుగ. రాని రోజు ఇంజిను పెట్టి మురుగు కాలువలోంచి తోడుకోవడం. అది కూడా లేకపోతే మడి నెర్రెలిచ్చే దాకా ఎదురుచూడడం. కొన్నిచోట్ల కాలువ నీరు ఆలస్యమవుతుందని నాట్లు మానేసి వెదజల్లుతున్నారు. కోతకు ముందు మినుము చల్లాలంటే ఎలాగూ నీళ్లు తీసేయాలి. శివారు రైతు పొలం ఎన్నిసార్లు ఆరిందో అతనికి తెలుసు, బోదె గట్టు మీద కూర్చున్న పక్క రైతుకు తెలుసు, కాలువ లస్కరుకు తెలుసు. కంపెనీ ఆఫీసుకు మాత్రం తెలియదు. వాళ్ల పట్టికలో ఎగువ మడీ శివారు మడీ ఒక్కటే. ఎగువ రైతు మీథేన్‌ను శివారు రైతు పేరున కూడా రాసేస్తారు.

దీన్ని సరిచేసే మార్గం పొలం దగ్గర కొలత, కాలువ దగ్గర రికార్డు, బయటి మనిషి తనిఖీ. ఇవేవీ వద్దని, సొంత అంచనాలతో సరిపెట్టుకోనివ్వమని కంపెనీల తరఫున వాదించేవాళ్లు రైతు తరఫున మాట్లాడుతున్నామంటే నమ్మడం ఎలా? రేపు ధర మాట్లాడేటప్పుడు తక్కువ కర్బనం బియ్యానికి ఒక రేటు, మామూలు బియ్యానికి ఒక రేటు అన్న రోజు వస్తే, తన పొలం ఏ గడిలో ఉందో శివారు రైతు ఎవరినడగాలి?

తనిఖీ బలహీనంగా ఉంటే రెండో వైపు నష్టం కూడా రైతుదే. వరిలో మడిని మధ్యమధ్య ఆరబెట్టే తడిపొడి పద్ధతి పాటిస్తే మీథేన్ తగ్గుతుందని, తగ్గిన మేరకు కార్బన్ క్రెడిట్లు పుట్టించి అమ్మే ప్రాజెక్టులు మన తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నాయి. ఆలోచన మంచిదే. కానీ చైనాలో ఏం జరిగిందో చూడాలి. అక్కడి 37 వరి ప్రాజెక్టులను క్రెడిట్లు నమోదు చేసే వెర్రా సంస్థ 2024లో తోసిపుచ్చింది. వాటిలో కొన్నింటి వెనక షెల్ వంటి చమురు దిగ్గజం ఉంది. ఆ ప్రాజెక్టులు సరిగా ఉన్నాయని సంతకాలు పెట్టిన తనిఖీ సంస్థల మీద కూడా వేటు పడింది. అలాంటి క్రెడిట్లు కుప్పకూలినప్పుడు, నిజంగా కష్టపడి మడి ఆరబెట్టిన రైతు క్రెడిట్‌ను కూడా అదే కంటితో చూస్తారు. నీళ్లు అందక మడి ఆరిపోయిన శివారు పొలాన్ని తమ పథకం వల్లే ఆరిందని చూపించి క్రెడిట్ రాసుకుంటే, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే కదా? దాన్ని అడ్డుకోగలిగేది పథకం మొదలయ్యే ముందు ఆ పొలం ఎలా సాగయ్యేదో వెళ్లి విచారించే తనిఖీ ఒక్కటే.

నాలుగో వాదం దేశాభిమానం మీద వస్తుంది. ఇదంతా పాశ్చాత్య దేశాల తంతు, మన మెడకు గుదిబండ అంటారు. ఐరోపా సమాఖ్య సరిహద్దు కర్బన పన్ను 2026 జనవరి నుంచి అసలు దశలోకి వచ్చిన మాట నిజమే. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు వంటివి ఎగుమతి చేస్తే ఎంత కర్బనంతో తయారైందో తనిఖీ చేసిన అంకె చూపాలి. చూపలేకపోతే వాళ్లే ఒక అంచనా అంకె, దాని మీద మరికొంత కలిపి వేస్తారు. అందులో వరీ రొయ్యా ఇంకా లేవు. కానీ ఆ పద్ధతి చెప్పే మాట ఒకటే: నీ లెక్కను నువ్వు రుజువు చేసుకోకపోతే ఎదుటివాడి లెక్క నీ మీద రుద్దుతారు. పోనీ ఐరోపాను వదిలేద్దాం. పరిశ్రమల ఇంధన పొదుపుకు 2012లో మొదలైన మన సొంత ప్యాట్ పథకంలోనే గుర్తింపు పొందిన ఇంధన ఆడిటర్ల తనిఖీ ఉంది. 2023లో కేంద్రం నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకంలో కూడా గుర్తింపు పొందిన తనిఖీ సంస్థలు ఉండాలని మనమే రాసుకున్నాం. ఢిల్లీలో మనమే రాసుకున్న నియమం బ్రసెల్స్ నుంచి దిగిందని చెప్పడం ఎంతవరకు సబబు?

"పైన ఉపగ్రహాలున్నాయి, అవే చూసుకుంటాయి" అనేవాళ్లూ ఉన్నారు. మీథేన్ జాడ తీయడానికి 2024 మార్చిలో ఎగిరిన మీథేన్‌శాట్‌తో 2025 జూన్‌లోనే సంబంధం తెగిపోయింది. గ్యాస్ బావి నుంచి ఒక్కచోటే బుసకొట్టే మీథేన్‌ను ఆకాశం నుంచి పట్టొచ్చు. లక్షల ఎకరాల మీద పలచగా పరచుకున్న వరి మీథేన్‌లో ఏ ఎకరాది ఎంతో విడదీయాలంటే మనిషి పొలంలో దిగాల్సిందే. షెడ్డులో కారే ఆర్-404ఏ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంతవరకూ తనిఖీ వద్దనేవాళ్లకు జవాబు. ఇప్పుడున్న తనిఖీ చాలుననేవాళ్లకు కూడా ఒక జవాబు ఉంది. ప్రస్తుతం తనిఖీదారును ఎంచుకునేది కంపెనీ, ఫీజు ఇచ్చేది కంపెనీ, మళ్లీ ఏడు పిలవాలా వద్దా అని తేల్చేదీ కంపెనీయే. అదే సంస్థ ఇతర సేవలు అమ్మకూడదని, ప్రయోజనాల వైరుధ్యం ఉండకూడదని సెబీ చెప్పింది, మంచిదే. కానీ జీతం ఇచ్చే చేతిని ఎవరు కరుస్తారు? ఇది అనుమానంతో అంటున్న మాట కాదు, మన దేశంలోనే పరీక్షించి తేల్చిన సంగతి. గుజరాత్‌లో కాలుష్యం వదిలే పరిశ్రమలు బయటి ఆడిటర్లతో ఏటా తనిఖీ చేయించుకోవాలన్న నియమం ఉండేది. ఆడిటర్‌ను పరిశ్రమే ఎంచుకునేది, పరిశ్రమే డబ్బిచ్చేది. చిమ్నీ ధూళికి హద్దు 150 మిల్లీగ్రాములైతే రిపోర్టులన్నీ వింతగా ఆ గీతకు కాస్త కిందే వచ్చి ఆగేవి. ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయాన్ అనే ఆర్థికవేత్తలు గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 470కి పైగా ఫ్యాక్టరీలను తీసుకున్నారు. వాటిలో కొన్నింటికి పద్ధతి మార్చారు. ఆడిటర్‌ను లాటరీ తీసి కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. కొన్ని రీడింగులను ఇంకొకరితో మళ్లీ తీయించారు. అంతే. హద్దు దాటినా దాటలేదని రాసే అబద్ధాలు 80 శాతం తగ్గాయి. ఇంకా ముఖ్యమైనది, ఆ ఫ్యాక్టరీలు నిజంగానే కాలుష్యం తగ్గించుకున్నాయి. 2013లో అచ్చయిన అధ్యయనం ఇది. చట్టం మారలేదు, జరిమానా పెరగలేదు. మీటరు పట్టుకునే మనిషికి జీతమిచ్చే చెయ్యి మారింది, అంతే.

కాబట్టి అడగాల్సినవి కొత్తవేమీ కావు. కర్బన లెక్క తనిఖీదారును సెబీ గానీ స్టాక్ ఎక్స్ఛేంజీలు గానీ లాటరీ తీసి కేటాయించాలి, ఫీజు కంపెనీలు కట్టే ఉమ్మడి నిధి నుంచి పోవాలి. కరెంటు యూనిట్లు విద్యుత్ పంపిణీ సంస్థ నుంచి, డీజిల్ లెక్క చమురు కంపెనీల నుంచి నేరుగా తనిఖీదారుకు చేరాలి, కంపెనీ చేతి మీదుగా కాదు. సత్యం నేర్పిన పాఠం అదే. జనరేటరు అద్దెది, లారీ పరాయిది అని దేన్ని లెక్కలోంచి తీసేశారో మొదటి పేజీలోనే రాయాలి. ప్రతి ఏడాది కొన్ని నివేదికలను ఎంచి, చెప్పకుండా వెళ్లి తిరగతనిఖీ చేయాలి, ఫలితం అందరికీ తెలిసేలా పెట్టాలి. వరి కొనే కంపెనీ ఏ గుణకం వాడిందో, ఏ కాలువ కింది పొలాలకు ఏ నీటి పద్ధతి రాసిందో చెప్పి తీరాలి. మన దగ్గర ఆ సాక్ష్యం ఎప్పటి నుంచో ఉంది. కాలువల మీద నీటి మట్టం రాసే రికార్డులు జలవనరుల శాఖ దగ్గర ఉన్నాయి, వంతులు ఎప్పుడు మారాయో నీటి వినియోగదారుల సంఘాలకు తెలుసు. తనిఖీదారు నిజంగా తనిఖీదారైతే ముందు ఆ రిజిస్టర్లు అడుగుతాడు.

లెక్క తప్పితే ఏమవుతుందిలే, కాగితం మీద అంకెలే కదా అనుకోవద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గర. కోసిన వరి ఓదెల మీదే నానిపోయింది, మొలకెత్తింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వైపు లంకలు మునిగాయి, కరకట్ట తెగుతుందేమోనని ఊళ్లకు ఊళ్లు రాత్రంతా కాపలా కాశాయి. ఈ ఒక్కో ఆపదకు ఫలానా కంపెనీ పొగ కారణమని నేననను, ఎవరూ అనలేరు. కానీ సముద్రం వేడెక్కడానికి కారణమైన వాయువులు ఎవరు ఎంత వదులుతున్నారన్న లెక్క నిజమో కాదో తెలుసుకునే హక్కు, వాటి దెబ్బ ముందు తినే తీరానికి లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

బాపట్ల, రేపల్లె ఎంపీ, ఎమ్మెల్యేలు రొయ్యల మేత ధర మీద, ధాన్యం కొనుగోలు మీద అడిగే ప్రశ్నల పక్కన ఈ లెక్కలు నిజమో కాదో అన్న ప్రశ్న కూడా అడగాలి. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, సహకార సంఘాలు కంపెనీలతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఒక వాక్యం చేర్చాలి: మా పొలాల పేరున మీరు రాసుకునే కర్బన అంకె మాకు చూపాలి, దాన్ని మేం కోరిన మూడో మనిషి సరిచూడొచ్చు. కంపెనీ ఒప్పుకుంటే మంచిది, రేటు ఎంత తక్కువో ఎంత ఎక్కువో తేల్చుకుందాం. ఒప్పుకోకపోతే, సరిచూడనివ్వని లెక్కను బేరం దగ్గరికి తేవద్దని మొహం మీదే చెప్పాలి.